మైకులో మోగే టర్కిష్‌ను పట్టుకోవడం ఎలా? 'వచ్చుచున్నది' తెలిసినవాళ్ళకు దగ్గరి దారి

"పుస్తకం పూర్తిచేశాం. యాప్‌లో ఆరు నెలలు కూర్చున్నాం. కూరగాయల బేరం కూడా ఆడగలుగుతున్నాం. కానీ స్టేషన్‌లో మైకు మోగితే ఒక్క ముక్క అంతుపట్టదు." చదువుకనో ఉద్యోగానికనో టర్కీ వెళ్ళిన మనవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

తప్పు మీది కాదు. పుస్తకాలు వీధిలో మాట్లాడే భాష నేర్పుతాయి. మైకులోనూ బోర్డుల మీదా నడిచేది ఆఫీసు భాష. మన రైల్వే స్టేషన్లలో "వచ్చుచున్నది", "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అని వింటాం కదా. ఇంట్లో ఎవరైనా "నాన్న వచ్చుచున్నాడు" అంటారా? టర్కిష్‌లోనూ అదే తంతు. వీధిలో 'గెలియొర్' అంటే వస్తోంది, మైకులో 'గెల్మెక్తెదిర్' అంటే వచ్చుచున్నది. మనలో చాలామంది టర్కిష్‌ను ఇంగ్లిషు మీదుగా నేర్చుకుంటారు, అక్కడే పీటముడి పడుతుంది. ఈ ప్రకటనల భాషకు ఇంగ్లిషు కన్నా తెలుగు దగ్గర. క్రియ చివర రావడం, మాటకు ప్రత్యయాల మీద ప్రత్యయాలు తగిలించడం, 'వెళ్ళే ప్రయాణికులు', 'వచ్చిన రైలు' లాంటి కట్టు, అన్నీ మనకు పుట్టుకతో వచ్చినవే.

ముందుగా రాతలో నేను పాటించిన పద్ధతి. టర్కిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. బోర్డు చదివేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి: 'సీ' అక్షరం కనిపిస్తే 'జ' అని చదవాలి. దానికే కింద తోక ఉంటే 'చ'. 'ఎస్' కింద తోక ఉంటే 'ష'. 'జీ' మీద చిన్న గిన్నె బోర్లించకుండా పెట్టినట్టు గుర్తుంటే దాన్ని పలకరు, ముందున్న అచ్చును కాస్త సాగదీస్తారు. చుక్క లేని 'ఐ' అక్షరానికి మనకు సరైన గుర్తు లేదు, నేను 'ఇ' అనే రాశాను. పెదాలు గుండ్రంగా చేయకుండా 'ఉ' అనబోతే ఆ ధ్వని వస్తుంది.

కావలసినవి

అంకెలు, వారాల పేర్లు, 'నుంచి', 'కు' ప్రత్యయాలు వచ్చి ఉండాలి. ఇవి రాకుండా కిందివన్నీ చదివి లాభం లేదు.
ఫోన్‌లో రికార్డర్. ఒకే ప్రకటనను పదిసార్లు వినాలి.
టర్కిష్ భాషా సంస్థ, అంటే టీడీకే వారి ఆన్‌లైన్ నిఘంటువు. ఉచితం.
రోజూ వెళ్ళే ఒకే దారి. మెట్రో అయినా, ట్రామ్ అయినా, పడవ అయినా సరే. ప్రకటనలు రోజూ అవే కాబట్టి వారం తిరిగేసరికి చెవికి అలవాటవుతాయి.
ఇంకా టర్కీ వెళ్ళనివాళ్ళు ఇస్తాంబుల్ మెట్రో, మర్మరాయ్ (సముద్రం కిందుగా వెళ్ళే రైలు) ప్రయాణాల వీడియోలు పెట్టుకుని కళ్ళు మూసుకుని వినండి. పని జరుగుతుంది.

1. పిలుపు వినగానే చెవి నిలబెట్టండి, దాని అర్థం వెతక్కండి

ప్రకటన ఎప్పుడూ పిలుపుతో మొదలవుతుంది. 'సయిన్ యొల్జులరిమిజ్' అంటే గౌరవనీయులైన మా ప్రయాణికులారా. 'దెయెర్లి వతందష్లరిమిజ్' అంటే విలువైన మా పౌరులారా. ఊరి మున్సిపాలిటీ అయితే 'హెమ్షెహ్రిలెరిమిజ్' అంటుంది, ఒకే ఊరివాళ్ళం అని. హమ్, షహర్ రెండూ హైదరాబాద్ చెవికి తెలిసిన ముక్కలే. వీటిలో సమాచారం ఏమీ లేదు. మన 'దయచేసి వినండి' లాగా గంట కొట్టడమే. ఇక్కడ ఆగి అర్థం ఆలోచిస్తే అసలు సంగతి దాటిపోతుంది.

హెచ్చరిక: 'దిక్కత్' అని వినిపిస్తే కంగారు పడకండి. ఉర్దూలో దిక్కత్ అంటే ఇబ్బంది. టర్కిష్‌లో శ్రద్ధ, జాగ్రత్త. ఏదో ఇబ్బంది వచ్చిందని కాదు, వినమంటున్నారు.

2. చివరి క్రియ పట్టుకోండి

పది మాటల్లో తొమ్మిది జారిపోయినా పర్వాలేదు, చివరిది దొరకాలి. ఆఫీసు టర్కిష్‌లో వాక్యం ముగిసే తీరులు లెక్కపెడితే అరడజను. ప్రతిదానికీ తెలుగు ప్రకటనల భాషలో జోడీ ఉంది:

గెల్మెక్తెదిర్: వచ్చుచున్నది.
గెల్మిష్తిర్: వచ్చినది.
గెలెజెక్తిర్: రాగలదు.
గెలినిజ్: రావలెను. ఇంట్లో పిల్లలతో 'గెల్', పెద్దలతో 'గెలిన్', బోర్డు మీద 'గెలినిజ్'.
దుయురులుర్: తెలియజేయడమైనది.
గిరిల్మెజ్: ప్రవేశించరాదు.

ముందున్న అచ్చును బట్టి మెక్తె కాస్తా మక్త అవుతుంది, ముందున్న అచ్చునూ హల్లునూ బట్టి దిర్ కాస్తా దుర్, తిర్, తుర్ అవుతుంది. రూపం మారినా పని అదే, దాని గురించి బెంగపడకండి.

ఈ 'దిర్' దగ్గర ఒక తమాషా ఉంది. వీధిలో 'ఎవ్దెదిర్' అంటే ఇంట్లోనే ఉండుంటాడు అని, ఊహ. ఆఫీసు గుమ్మం మీద 'కపలిదిర్' అంటే మూసి ఉన్నది, ఖాయం. నోటిమాటలో అనుమానం, రాతలో నిశ్చయం. ఒకే ప్రత్యయం రెండు ఇళ్ళలో రెండు కాపురాలు చేస్తుంది. 'మిష్' కూడా అంతే. ఒంటరిగా ఉంటే అది మన 'అట'. 'ఇప్తాల్ ఎదిల్మిష్' అంటే రద్దయిందట. ఎవరో చెప్పగా విన్నది, అబద్ధమైనా కావచ్చు. దానికి 'తిర్' తగిలి 'ఇప్తాల్ ఎదిల్మిష్తిర్' అయితే రద్దు చేయబడినది. ఇక ఎదురుచూసి లాభం లేదు, వేరే బండి చూసుకోండి. తెలుగులో 'అట' లేకపోతే దీన్ని వివరించడానికి నాకు పేజీ పట్టేది.

3. 'మ'లు లెక్కపెట్టండి

మనవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే, నాతో సహా. శీతాకాలంలో ఇస్తాంబుల్‌లో నైరుతి నుంచి 'లొదొస్' అనే గాలి లేస్తుంది. అది గట్టిగా వీచిన రోజు పడవలు ఆగిపోతాయి. కదికొయ్ రేవులో ఒకసారి టికెట్ గేటు దగ్గర నిలబడి ఉన్నాను. మైకులో వచ్చింది:

"సయిన్ యొల్జులరిమిజ్, ఒలుమ్సుజ్ హవ కొషుల్లరి నెదెనియ్లె వపుర్ సెఫెర్లెరిమిజ్ యపిలమమక్తదిర్."

మొదటి ముక్క 'ప్రతికూల వాతావరణం కారణంగా'. వపుర్ అంటే పడవ, సెఫెర్ అంటే ట్రిప్పు, చివర మక్తదిర్. 'నడుపబడుచున్నవి' అని తేల్చుకుని, గాలికి తలుపులు కొట్టుకుంటున్నా హాయిగా నిలబడ్డాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా మర్మరాయ్ వైపు మళ్ళిపోయాక గాని నాకు అనుమానం రాలేదు. ఆ ఒక్క మాటను మూడు రకాలుగా రాసి చూపిస్తాను, గట్టిగా చదవండి:

యపిల్మక్తదిర్: నడుపబడుచున్నవి.
యపిల్మమక్తదిర్: నడుపబడుట లేదు.
యపిలమమక్తదిర్: నడుపలేకపోవుచున్నాము.

ఒక 'మ' ఉంటే జరుగుతోంది. రెండు 'మ'లుంటే జరగడం లేదు. 'ల' తర్వాత అదనంగా 'అ' వినిపిస్తే చేతకావడం లేదు.

ఈ లెక్క అన్నిచోట్లా ఒకేలా ఉండదు, అందుకే రెండు వాక్యాల్లో సూత్రం చెప్తాను. తనలోనే ఒక 'మ' ఉన్న ముగింపులకు, అంటే మెక్తెదిర్, మిష్తిర్, మెలెరి, మెసి లకు, కాదు అని చెప్పాలంటే రెండో 'మ' కావాలి. తనలో 'మ' లేని ముగింపులకు, అంటే ఎజెక్తిర్, ఇనిజ్ లాంటివాటికి, ఒక్క 'మ' వచ్చినా కాదు అనే. 'యపిలజక్తిర్' చేయబడును, 'యపిల్మయజక్తిర్' చేయబడదు. 'గెచినిజ్' దాటండి, 'గెచ్మెయినిజ్' దాటకండి. ప్లాట్‌ఫారాల మీద వినిపించే "లుత్ఫెన్ సరి చిజ్గియి గెచ్మెయినిజ్" అంటే దయచేసి పసుపు గీత దాటరాదు.

ఇంకో ఆనవాలు కూడా ఉంది. కాదనే 'మ' వచ్చినప్పుడు నొక్కు దానికి ముందున్న అక్షరం మీద పడుతుంది: గెచ్-మెయినిజ్ లో 'గెచ్' గట్టిగా వినిపిస్తుంది. 'చలిష్మ' అనే మాట చూడండి. నొక్కు చివర పడితే పని అనే నామవాచకం. 'లిష్' మీద పడితే పని చెయ్యకు అని. మెట్రోలో 'బకిమ్ చలిష్మసి' అంటే నిర్వహణ పని, ఎవర్నీ పని మానమనడం కాదు.

4. 'రిజా ఒలునుర్' వచ్చిందా, వెనక్కి వెళ్ళండి

'రిజా ఒలునుర్' అంటే కోరడమైనది. ఇది వినిపించిందంటే మీరు ఏదో చేయాలి. ఏం చేయాలో దానికి ముందు మాటలో ఉంటుంది.

"అంకర యొనునె గిదెజెక్ యొల్జులరిమిజిన్ ఉచుంజు పెరొన గెల్మెలెరి రిజా ఒలునుర్."

తెలుగులో పెడదాం: అంకారా వైపు వెళ్ళే ప్రయాణికులు మూడవ ప్లాట్‌ఫారానికి రావలసిందిగా కోరడమైనది. మాట పక్కన మాట, అదే వరస. ఇంగ్లిషులోకి తిప్పాలంటే వాక్యాన్ని తలకిందులు చేయాలి, తెలుగులోకి నడిపించుకుంటూ తీసుకురావచ్చు.

హెచ్చరిక: 'గెల్మెలెరి' లోని 'మె' విని రావద్దంటున్నారు అనుకుంటారు చాలామంది. కాదు. అది 'రావడం' లోని 'డం'. రావద్దు అనాలంటే 'గెల్మెమెలెరి' అనాలి, పై లెక్క ప్రకారం రెండు. విమానాశ్రయంలో గేటు దగ్గరికి రమ్మని పిలుస్తుంటే రావద్దన్నారని కూర్చుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తర్వాత 'సొన్ చారి' అని కూడా వస్తుంది, ఆఖరి పిలుపు.

మీ నోటివెంట మాత్రం 'రిజా ఒలునుర్' రానివ్వకండి. టీకొట్టులో చక్కెర అడగడానికి అది వాడితే ప్రభుత్వ ఉత్తర్వు జారీచేసినట్టుంటుంది. మీరు థాంక్స్ చెప్తే వాళ్ళు 'రిజా ఎదెరిమ్' అంటారు. అక్కడ కోరిక ఏమీ లేదు, 'అయ్యో పర్లేదండీ' అని మర్యాద.

5. కారణం ఎక్కడుందో చూడండి

నెదెనియ్లె, సెబెబియ్లె, దొలయిసియ్ల. మూడూ 'కారణంగా'. మనలాగే కారణం ముందు, ఈ మాట వెనుక. 'సెబెప్' మనకు కొత్తదేం కాదు, సబబుగా ఉంది అంటాం కదా, ఆ సబబే. వీటికి ముందు సాధారణంగా వినిపించేవి: అరిజ (చెడిపోవడం), బకిమ్ (నిర్వహణ), కజా (ప్రమాదం), సిస్ (పొగమంచు), ఫిర్తిన (తుఫాను గాలి), ఇంటి దగ్గరైతే సు కెసింతిసి (నీళ్ళ కోత), ఎలెక్త్రిక్ కెసింతిసి (కరెంటు కోత).

కారణం అర్థం కాకపోయినా మునిగిపోయేదేమీ లేదు. ఇది చివర నేర్చుకున్నా నడుస్తుంది.

6. టైము, తేదీ, చోటు

ఇది మాత్రం వదలకండి. ఇరవైనాలుగు గంటల లెక్క, గంటకూ నిమిషానికీ మధ్య చుక్క: 14.30. చదివేటప్పుడు 'ఒన్ దొర్త్ ఒతుజ్', అంటే పద్నాలుగు ముప్ఫై.

'దెన్ ఇతిబారెన్' లేదా 'దన్ ఇతిబారెన్' అంటే నుంచి మొదలుకొని. 'యె కదర్' లేదా 'ఎ కదర్' అంటే వరకు. 'సాత్లెరి అరసింద' అంటే ఆ గంటల మధ్య. 'ఇకింజి బిర్ ఎమ్రె కదర్' అని ఒకటి ఉంది. ఇకింజి అంటే రెండవ కాబట్టి రెండు గంటల వరకో, రెండో తారీఖు వరకో అనుకుంటారు. రెండో ఉత్తర్వు వచ్చేవరకు అని దాని మాటకు మాట అర్థం. మన ఆఫీసు భాషలో 'తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు'. అంటే ఎప్పుడో వాళ్ళకే తెలియదు.

తప్పులు ఎక్కువ జరిగే చోట్లు మూడు. ఒకటి: అంకె పక్కన చుక్క. బోర్డు మీద 3 పక్కన చుక్క, ఆ తర్వాత పెరొన్ అని ఉంటే 'మూడవ ప్లాట్‌ఫారం'. ఆ చుక్కే 'వ'. రెండు: అల్త్‌మిష్, యెత్‌మిష్. ఇవి అరవై, డెబ్బై. క్రియ చివరి 'మిష్' కాదు. గేటు నంబర్లలో ఇది బాగా మోసం చేస్తుంది. మూడు: వారాలు. 'పజర్' అంటే ఆదివారం, 'పజర్తెసి' సోమవారం. 'జుమా' శుక్రవారం, 'జుమర్తెసి' శనివారం. తోక 'ఎర్తెసి' అంటే మరుసటి రోజు. ఆ తోక వినకపోతే ఒక రోజు ముందే వెళ్ళి మూసిన తలుపు చూసి వస్తారు. 'చర్షంబ' బుధవారం, 'పెర్షెంబె' గురువారం, 'సలి' మంగళవారం.

7. బోర్డులు చదవడం

ఇది తేలిక. 'సిగర ఇచిల్మెజ్' అంటే పొగ త్రాగరాదు. 'పర్క్ యపిల్మజ్' వాహనములు నిలుపరాదు. 'చిమ్లెరె బస్మయినిజ్' గడ్డి తొక్కరాదు. తలుపు మీద 'ఇతినిజ్' ఉంటే నెట్టండి, 'చెకినిజ్' ఉంటే లాగండి. చెకినిజ్ చూసి తలుపు దగ్గర చెకింగ్ ఉందనుకుని పాస్‌పోర్టు తీసినవాడు నాకు తెలుసు.

ఇల్మెజ్, ఇనిజ్ ల మధ్య తేడా ఒక్క మాటలో: 'ఇనిజ్' మీతో మాట్లాడుతుంది, 'ఇల్మెజ్' లోకంతో మాట్లాడుతుంది. రెండోది ఇంకా కరకు.

8. ఆఫీసు మాటలు, వీధి మాటలు

వ్యాకరణం పట్టుబడ్డాక కూడా మాటలు అడ్డొస్తాయి. మామూలు మాట ఉండగానే ప్రకటనల్లో దొరబాబులాంటి మాట వేస్తారు. వీధిలో 'వర్' అంటే ఉంది. బోర్డు మీద 'బులున్మక్తదిర్', ఉన్నది. లేదు అనే 'యొక్' కు బదులు 'బులున్మమక్తదిర్'. మళ్ళీ రెండు 'మ'లు, చూశారా. వెళ్తుంది అనడానికి 'హరెకెత్ ఎదెజెక్తిర్'. ఉర్దూలో హర్కత్ అంటే ఆకతాయి పని కూడా, ఇక్కడ బండి కదలడం. ఆలస్యానికి 'గెజిక్మె', ఫ్రెంచి నుంచి వచ్చిన 'రొతార్'. ఉచితం 'ఉజ్రెత్సిజ్'. చివరి 'సిజ్' మన 'లేని', రుసుము లేనిది.

దీనికి తోడు ఒకే అర్థానికి పాత మాట ఒకటి, కొత్త మాట ఒకటి. 1928లో అరబిక్ లిపిని వదిలి 29 అక్షరాల లాటిన్ వర్ణమాలకు మారారు. 1932లో భాషా సంస్థ పెట్టి అరబిక్, పర్షియన్ మాటల స్థానంలో టర్కిష్ మాటలు తెచ్చారు. పాతవి పూర్తిగా పోలేదు, ఆఫీసుల్లో మిగిలాయి. ఇలాన్ పాతది, దుయురు కొత్తది, రెండూ ప్రకటనే. సెబెప్, నెదెన్ రెండూ కారణం. షర్త్, కొషుల్ రెండూ షరతు. మెజ్బురి, జొరున్లు రెండూ తప్పనిసరి. ఆజమి, ఎన్ చొక్ రెండూ గరిష్ఠం.

పాత మాటలు తెలుగువాళ్ళకు వరం. తారిహ్ మన తారీఖు, జెవాప్ జవాబు, హెసాప్ హిసాబు, మెయ్‌దాన్ మైదానం, హబెర్ కబురు. బస్టాండులో 'ఎమానెత్' అని బోర్డుంటే సామాన్లు అమానతుగా పెట్టే గది.

మోసం చేసే జోడీలు మాత్రం రాసిపెట్టుకోండి. 'మిసాఫిర్' ముసాఫిర్ కాదు, అతిథి. ప్రయాణికుడు యొల్జు. 'తరఫిందన్' మన తరఫున కాదు, చేత. 'బెలెదియె తరఫిందన్' అంటే మున్సిపాలిటీ చేత చేయబడింది అని, మున్సిపాలిటీ పక్షాన ఎవరో చేశారని కాదు. 'హక్కింద' లో హక్కు వినిపిస్తుంది గాని అర్థం 'గురించి'.

9. చిన్న ఊళ్ళో ఉంటే ఈ రెండూ తెలిసి ఉండాలి

మసీదు మైకులో నమాజు వేళ కాని వేళ 'సలా' అనే ప్రార్థన చదివి, ఆ తర్వాత ఒక పేరు చెప్తే అది చావు కబురు. 'వెఫాత్ ఎత్మిష్తిర్', పరమపదించినారు. వీధిలో చనిపోయాడు అనడానికి వాడే 'ఒల్దు' ఇక్కడ వినిపించదు. తర్వాత 'జెనాజెసి ఓలె నమాజిని ముతెఆకిప్ కల్దిరిలజక్తిర్', అంటే అంత్యయాత్ర మధ్యాహ్నం నమాజు అనంతరం బయలుదేరును. 'ముతెఆకిప్' అనేది అనంతరం. మామూలు టర్కిష్‌లో దీన్ని 'సొన్ర' అంటారు, ఇక్కడ పాత మాటే చెల్లుతుంది. పక్కింటివాళ్ళ పేరు వినిపిస్తే వెళ్ళి 'బషినిజ్ సా ఒల్సున్' అనండి. పరామర్శకు చెప్పే మాట అదే.

రెండోది, నవంబరు 10 ఉదయం 9.05కు సైరన్ మోగుతుంది. 1938లో ఆధునిక టర్కీ స్థాపకుడు అతాతుర్క్ కన్నుమూసిన నిమిషం అది. రోడ్డు మీద కార్లు ఆగుతాయి, జనం ఉన్నచోటే నిలబడతారు. భూకంపమనో దాడి అనో పరుగెత్తకండి, మీరూ నిలబడండి.

10. మీరే ఒక నోటీసు రాయాలంటే

అపార్ట్‌మెంట్ పెద్దగా మీ పేరు పెట్టేశారు, నెలసరి చందా 'ఆయిదాత్' వసూలు కావడం లేదు. ఇలా రాయండి:

"దెయెర్లి కొమ్‌షులరిమిజ్, ఆయిదాత్లరిన్ అయిన్ బెషినె కదర్ ఒదెన్మెసి రిజా ఒలునుర్. అపర్త్‌మన్ యొనెతిమి."

ప్రియమైన ఇరుగుపొరుగువారలారా, నెల ఐదో తేదీలోగా చందాలు చెల్లించవలసిందిగా కోరడమైనది. అపార్ట్‌మెంట్ నిర్వాహకులు. ఎవరు చెల్లించాలో, ఎవరు కోరుతున్నారో వాక్యంలో ఎక్కడా లేదు. ఎవరి మొహం మీదా వేలు పెట్టకపోవడమే ఇందులో మర్యాద.

కట్టే పద్ధతి: పిలుపు, కారణం ఉంటే కారణం, తేదీ, పని, చివరి క్రియ, కింద సంతకం. నీళ్ళు ఆపబోతుంటే చివర "అన్లయిషినిజ్ ఇచిన్ తెషెక్కుర్ ఎదెరిజ్" వేయండి. మన్నించి సహకరించినందుకు కృతజ్ఞతలు అన్నమాట.

కొత్తవాళ్ళ నోటీసుల్లో నాకు కనిపించే తప్పులు ఇవి. మొదటి వాక్యం 'మెక్తెదిర్' తో ముగించి రెండోది 'ఇయొర్' తో ముగించడం: పట్టుపంచె మీద టీషర్టు వేసినట్టుంటుంది. 'బెన్', అంటే నేను, అని మొదలుపెట్టడం: నోటీసులో నేను ఉండడు, మేమే. 'లుత్ఫెన్', 'రిజా ఒలునుర్' రెండూ ఒకే వాక్యంలో కుక్కడం: ఒకటి చాలు. నిండా పాత అరబిక్ మాటలు పోయడం: చదువుకున్నవాడనుకుంటారని ఆశ, తాతగారి దస్తావేజులా ఉంటుంది. ఇంకా భయంగా ఉంటే ప్రత్యామ్నాయం ఒకటుంది: 'రిజా ఎదెరిజ్', మేము కోరుతున్నాం, అని రాయండి. కాస్త మెత్తగా ఉంటుంది, తప్పు కూడా కాదు.

సరిగ్గా అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది?

విమానాశ్రయాల్లోనూ పెద్ద స్టేషన్లలోనూ టర్కిష్ ముగిశాక చాలాసార్లు అదే ప్రకటన ఇంగ్లిషులో వస్తుంది. టర్కిష్ అవగానే మనసులో తెలుగు వాక్యం కట్టేయండి, తర్వాత ఇంగ్లిషుతో సరిచూసుకోండి. ముందుగా ఇంగ్లిషు కోసం ఎదురుచూస్తే చెవి ఎప్పటికీ బద్ధకిస్తుంది.

కట్టిన తెలుగు వాక్యం మన రైల్వే స్టేషన్ మైకులో పెట్టినా అతికేలా ఉందా? 'రైలు వస్తోందంట' అని వచ్చిందంటే మీరు 'మిష్' విన్నారు, 'తిర్' వినలేదు. మళ్ళీ వినండి.

రికార్డింగులో చివరి క్రియ దగ్గర ఆపి 'మ'లు వేళ్ళ మీద లెక్కపెట్టండి. మెట్రోలో 'గెలెజెక్ ఇస్తస్యొన్', రాబోయే స్టేషన్, అన్న తర్వాత వచ్చే పేరును తెర మీద పేరుతో పోల్చండి. పేర్లు చెవికి పట్టాయంటే మిగతా మాటల హద్దులు వాటంతట అవే తెలుస్తాయి.

అనుమానం తీరకపోతే పక్కవాళ్ళను 'నె దెదిలెర్?' అని అడగండి, ఏమన్నారు అని. వాళ్ళు వీధి టర్కిష్‌లో తిరిగి చెప్తారు. గెల్మెక్తెదిర్ కాస్తా గెలియొర్ అయి వస్తుంది, రెండూ పక్కపక్కన దొరుకుతాయి. నా మటుకు పుస్తకాల కన్నా ఈ ప్రశ్నే ఎక్కువ నేర్పింది.

ఇప్పుడొకటి మీరు విప్పండి:

"సయిన్ యొల్జులరిమిజ్, తెక్నిక్ అరిజ నెదెనియ్లె అసన్సొరుముజ్ హిజ్మెత్ వెరెమెమెక్తెదిర్. మెర్దివెన్లెరి కుల్లన్మనిజ్ రిజా ఒలునుర్."

అసన్సొర్ అంటే లిఫ్టు, హిజ్మెత్ అంటే సేవ, మెర్దివెన్ అంటే మెట్లు. క్రియలో 'మె'లు రెండు, దానికి ముందు అదనంగా 'ఎ'. రెండో వాక్యంలో 'కుల్లన్మనిజ్' లో ఒకటే 'మ', దాని తర్వాత 'యి' లేదు.

జవాబు: సాంకేతిక లోపం కారణంగా లిఫ్టు పనిచేయలేకపోవుచున్నది. మెట్లు ఉపయోగించవలసిందిగా కోరడమైనది. మెట్లు వాడొద్దన్నారని రాసినవాళ్ళు నాలుగో మెట్టు మళ్ళీ చదవండి.